చేతులు వణికినవాళ్లే దొంగలట

పోట్లాటలో సమాధానం దొరకనివాడు వాడే ఆఖరి అస్త్రం ఒకటుంది. మన చేతుల వంక చూస్తాడు. గొంతులో కాస్త జాలి కలుపుకుని, "అదేంటండీ, చేతులలా వణుకుతున్నాయి?" అంటాడు. ఇక కేసు కొట్టేసినట్టే. అప్పటిదాకా మనకి రావాల్సిన డబ్బు గురించి నడిచిన చర్చ, ఆ క్షణం నుంచి మన నరాల గురించి నడుస్తుంది.

మనవాళ్ల నేర పరిశోధనంతా ఒకే ఒక్క సామెత మీద ఆధారపడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. పోయిన కాయలెన్నో, ఏ పాదువో, పాపం ఆ భుజం మీద ఏ దోమ వాలిందో ఎవరూ ఎంక్వైరీ చేయలేదు. తడుముకున్నాడు కాబట్టి దొంగ. వణికాడు కాబట్టి అబద్ధాలకోరు. ఫోరెన్సిక్ ల్యాబులకి పోసే డబ్బంతా దండగ. జనాన్ని వరసలో నిలబెట్టి తలా ఒక టీ కప్పు ఇస్తే సరి, సాసరు చప్పుడైనవాడిని లోపలేయొచ్చు.

అసలు ఒంట్లో జరిగేదేంటో చూడండి. మూత్రపిండాల నెత్తిన రెండు చిన్న గ్రంథులున్నాయి. గొడవ ఎదురవగానే అవి అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, నెత్తురు కండరాలకి పరుగెడుతుంది. తిరగబడటానికో పారిపోవడానికో ఒళ్లు ఇలా సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1915లోనే పుస్తకం రాశాడు. ఆ మాటకొస్తే సన్నటి వణుకు ప్రతి మనిషి చేతిలోనూ ఎప్పుడూ ఉండేదే. సెకనుకి 8 నుంచి 12 సార్లు, కంటికి ఆననంతగా. అడ్రినలిన్ దాన్ని నలుగురికీ కనబడేలా చేస్తుంది, అంతే. పులి ఎదురైతే పరుగెత్తడంలో ఆ సరంజామా అంతా ఖర్చయిపోయేది. మనకి ఎదురయ్యేది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ట్రెజరర్. ఆయన్ని కొట్టకూడదు. పారిపోతే మెయింటెనెన్స్ ఎగ్గొట్టడానికే అంటారు. ప్లాస్టిక్ కుర్చీలో ఒదిగి కూర్చుని "సార్, చిన్న డౌటు" అనాలి. మరి ఒళ్లు వణక్క ఏం చేస్తుంది?

మా సెల్లార్‌లో జరిగిన మీటింగే తీసుకోండి. మూడో అంతస్తు మేడం లేచారు. ఆవిడ అడిగింది ఒక్కటే. ఆ నెలలో కరెంటు పోయిందే లేదు, మరి జనరేటర్ డీజిల్‌కి అంత బిల్లెలా అయింది? చేతిలో నీలం ఇంకుతో రాసిన బిల్లు. ఎ4 కాగితమంత చాడీకోరు లోకంలో లేదు. వేలి చివర గోరంత కదిలితే కాగితం ఆ చివర జానెడు ఊగుతుంది, పైగా గలగలమని చప్పుడొకటి. ట్రెజరర్ గారు బిల్లు వైపు చూడనే లేదు. "అమ్మా, ముందు మీరు కూర్చోండి. చేతులు చూడండి ఎలా వణుకుతున్నాయో!"

అంతే, జనరల్ బాడీ మీటింగ్ కాస్తా మెడికల్ క్యాంపు అయిపోయింది. షుగర్ డౌన్ అయ్యుంటుందన్నారు ఒకరు. థైరాయిడ్ చూపించుకున్నారా, మా వదినకీ ఇలాగే ఉండేదన్నారు ఇంకొకరు. రిటైరైన పెద్దాయన పిలవకుండానే వచ్చి ఆవిడ నాడి పట్టుకుని, ఎప్పుడో ఆగిపోయిన తన వాచీలోకి సీరియస్‌గా చూడటం మొదలెట్టారు. యోగా నేర్చుకుంటున్న కుర్రాడు "ఆంటీ, ముక్కుతో పీల్చండి, నాలుగు లెక్కపెట్టండి" అన్నాడు. ఆవిడ నాలుగు లెక్కపెట్టలేదు, డీజిల్ లీటర్లు లెక్కపెడుతున్నారు. "నాకేం కాలేదండీ, బిల్లు సంగతి చెప్పండి" అంటే, "టెన్షన్ పడకమ్మా, అదే చెప్తాం" అని అందరూ కోరస్‌గా అన్నారు. ఈలోగా వాచ్‌మన్ స్టీలు గ్లాసు నిండా, అంచుదాకా, నీళ్లు పోసి తెచ్చాడు. వణికే చేతికి నిండు గ్లాసు ఇవ్వాలన్న ఆలోచన ఏ మహానుభావుడిదో గానీ, ఆ నీళ్లు బిల్లు మీద ఒలికాయి. ఇంక్ చెదిరి, అంకె ఉండాల్సిన చోట నీలం మరక మిగిలింది. సాక్ష్యం హరీమన్నది. ట్రెజరర్ గారు ఎంతో ఓర్పుగా, స్థిరమైన గొంతుతో ఏడాది లెక్కలు చదివేశారు. ఆమోదం. సమోసాలు. ఆయన కప్పులోంచి ఒక్క చుక్క టీ తొణకలేదు. తొణికిందల్లా డీజిలే.

ఆయన చేయి ఎందుకు వణుకుతుంది చెప్పండి? ఏటా అవే లెక్కలు చదివి చదివి అలవాటు పడిన చేయి అది. నిలదీయడం కొత్తయినవాళ్లకే వణుకు.

పెద్దల మాట వినేవాళ్లకి పెద్ద సాక్షినే పిలుస్తాను. భగవద్గీత మొదటి అధ్యాయంలోనే అర్జునుడు ఒళ్లు వణుకుతోందనీ, గాండీవం చేతిలోంచి జారిపోతోందనీ చెప్పుకున్నాడు. కృష్ణుడు చీవాట్లు పెట్టాడు, నిజమే. అంతేగానీ, చేతులు వణికాయి కాబట్టి రాజ్యం దుర్యోధనుడిదేనని తీర్పివ్వలేదు. గ్లాసుతో నీళ్లూ తెప్పించలేదు.

సెల్లార్ సంగతి సరే, నష్టపోతే నాలుగు లీటర్ల డీజిల్. అదే బల్ల పోలీసు స్టేషన్‌లో ఉన్నప్పుడో? వెంటపడి వేధిస్తున్నవాడి మీద ఫిర్యాదు రాయడానికి ఒక ఆడపిల్ల వస్తుంది. పెన్ను నిలవదు, అక్షరాలు వంకరపోతాయి. "ఇంత భయపడేదానివి ఎందుకొచ్చావమ్మా? నిజమేనా ఇదంతా?" అంటారు. పళ్ల బిగువున వణుకు ఆపుకుని సూటిగా చెప్పిందనుకోండి, "ఇంత కూల్‌గా చెప్తోందంటే ఏదో తేడా ఉంది" అంటారు. వణికితే అబద్ధం, వణక్కపోతే నాటకం. ఆ పిల్ల ఏ కొలతకి వణికితే నమ్ముతారో ఆ స్కేలేదో గోడకి తగిలించండి, చూసుకుని వస్తుంది! సాక్షి ప్రవర్తన గురించి ముఖ్యమనిపించింది రాసిపెట్టే పని చట్టం జడ్జికి అప్పగించింది. 2024 దాకా అమల్లో ఉన్న 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 280వ సెక్షన్ అదే, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 315వ సెక్షన్. ఆ కలం టేబుల్ ముందు కాలు మీద కాలేసుకున్న ప్రతివాడికీ ఎవరిచ్చారు? గడప దాటి వచ్చేసరికే ఆమె సగం ప్రాణం ఖర్చుపెట్టింది. ఆ చేతుల్ని చూసి నవ్వేవాడికి సిగ్గుండాలి. సిగ్గు లేకపోతే కనీసం ఫిర్యాదు చదవడమైనా వచ్చుండాలి.

సరే, మందు లేదా అంటారా? ఉంది. ప్రొప్రనలాల్ అనే గుండె మాత్ర వణుకుని బాగానే అణచిపెడుతుంది. దాన్ని తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ కూడా వచ్చింది. గురి చూసి కాల్చేవాళ్లకి అది ఎంత పనికొస్తుందంటే, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు ఒంట్లో అది దొరికి రెండు పతకాలు వెనక్కి లాక్కున్నారు. అసోసియేషన్ మీటింగులకి డోప్ టెస్టు లేదు కదా అని మెడికల్ షాపుకి పరుగెత్తకండి. ఆస్తమా ఉన్నవాళ్లకి అది ప్రాణం మీదకి తెస్తుంది, డాక్టర్ని అడగకుండా ఎవరూ ముట్టుకోవద్దు.

మాత్ర లేకుండా చేయగలిగినవీ ఉన్నాయి. గొడవకి వెళ్లేముందు స్ట్రాంగ్ కాఫీ తాగొద్దు, కడుపు ఖాళీగా పెట్టుకోవద్దు. రెండూ వణుకుని పెంచేవే. అరికాళ్లు నేలకి గట్టిగా అదిమి, పీల్చినదానికన్నా నెమ్మదిగా ఊపిరి వదలండి. ఎవరైనా చేతుల సంగతెత్తితే "అవునండీ, వణుకుతున్నాయి. లెక్క చెప్పండి" అనండి. నీళ్లిస్తే పక్కన పెట్టించండి. కాగితాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ గాల్లో పట్టుకోవద్దు. బల్ల మీద పరిచి, ఆ అంకె కింద వేలు పెట్టండి. వేలు వణికితే వణకనివ్వండి, అంకె కింద పది గీతలు గీసినట్టుంటుంది.