బతుకమ్మకు పార్కు పూలు వద్దు

మొన్న ఇక్కడ షికాగోలో మన సంఘం బతుకమ్మ సంబరాల్లో మొదటి బహుమతి అందుకున్న బతుకమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. మూడడుగులకు పైగా ఎత్తున, వరస వరసకూ రంగు మారుస్తూ, నడుమన ఎర్రటి గునుగు పూలను ఒత్తుగా పేర్చి, కళ్లు తిప్పుకోనివ్వకుండా ఉంది. పేర్చిన చేతుల నేర్పును నేను తక్కువ చేయను. అయితే ఆ ఎర్ర గునుగు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఈ సంగతి రాయాలా వద్దా అని మూడు వారాలు ఆలోచించి, రాయకపోతే వచ్చే ఏడు కూడా ఇదే జరుగుతుందన్న భయంతో రాస్తున్నాను.

సంబరాలు జరిగిన ఆ శనివారం పొద్దున, కరీంనగర్ నుంచి వచ్చిన మా అమ్మను, పదకొండేళ్ల మా పాపను వెంటబెట్టుకుని లింకన్ పార్క్ కన్సర్వేటరీకి, అంటే మొక్కలు పెంచే గాజు ఇంటికి వెళ్లాను. ఆ గాజు ఇంటితో నాకున్న అనుబంధం పాతది. షికాగోకు వచ్చిన తొలి చలికాలంలో, సరస్సు మీది గాలికి ముఖం కోసుకుపోతున్న ఒక జనవరి రోజున, కాస్త వెచ్చగా ఉంటుందని అందులోకి వెళ్లాను. అడుగు పెట్టగానే కళ్లద్దాలు ఆవిరితో మసకబారాయి. తుడుచుకునే లోపే తడి మట్టి వాసన తగిలింది. తొలకరి పడినప్పుడు మా పెరట్లో వచ్చే వాసనే అది. అక్కడి బల్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నన్ను ఎవరూ టికెట్ అడగలేదు, ఎందుకు కూర్చున్నావని అడగలేదు.

1890 నుంచి 1895 వరకు అయిదేళ్లపాటు కట్టిన ఇల్లు అది. దాని రూపశిల్పి జోసెఫ్ సిల్స్‌బీ. తాటి జాతి చెట్ల గది నుంచి కొంచెం కిందికి దిగితే ఫెర్న్‌ల గది, ఆ తర్వాత ఆర్కిడ్‌ల గది, కాలాన్ని బట్టి పూల ప్రదర్శనలు పెట్టే గది ఉంటాయి. 1891లో నాటిన ఆఫ్రికా రబ్బరు చెట్టు ఇప్పుడు సుమారు 50 అడుగుల ఎత్తున గాజు కప్పు దాకా పెరిగి ఉంది. అది మర్రి, రావి, మేడి చెట్ల కుటుంబానిదేనని చెప్పగానే అమ్మ చెప్పులు విడిచి, కాండానికి దండం పెట్టుకుంది. పాప కూడా అమ్మను చూసి దండం పెట్టింది.

బయటికి వస్తే కన్సర్వేటరీ ఎదురుగా పూల తోట, దాని నడుమ కొంగల బొమ్మలూ, సగం చేప సగం బాలుడి బొమ్మలూ నీళ్లు చిమ్మే, 1887 నాటి బేట్స్ ఫౌంటెన్ కనిపిస్తాయి. ఆ తోటలోని ఒక మడిలో రెండు బారల పొడవునా గునుగు మొక్కలకు తలలు లేవు. కాడలు కత్తెరతో ఏటవాలుగా తెగి ఉన్నాయి. కొన్నింటి చివర తడి ఇంకా ఆరలేదు. మోకాళ్ల కింద మెత్త వేసుకుని కూర్చున్న తోటమాలి ఒకామె, పొడుగూ పొట్టిగా మిగిలిన ఆ మొండి కాడలను ఒక ఎత్తుకు సరిచేస్తోంది. ఏమైందని పాప అడిగితే, ఎవరో కోసుకుపోయారనీ, మంచు పడేదాకా నిలవాల్సిన పూలనీ చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు.

సాయంత్రం హాల్లో పాప నా కొంగు లాగి, "అమ్మా, పొద్దున మనకు కనిపించని పూలు ఇవే కదా?" అంది. నేను జవాబు వెతుక్కునే లోపే, ఆ బతుకమ్మను పేర్చిన చెల్లెలే సంతోషంగా చెప్పింది: "తెల్లారకముందే పోయి తెచ్చినం అక్కా. పార్కు అందరిదీ కదా!" కార్యవర్గంలో ఒకరి చెవిన వేస్తే, "పండుగ పూట ఇప్పుడెందుకమ్మా" అన్నారు.

ఆ చెల్లెలిది దొంగబుద్ధి అని నేను అనను. మన ఊళ్లో తంగేడు చెరువు కట్ట మీద, చెలక గట్ల మీద దానంతట అదే పూస్తుంది. గునుగు అయితే చేలల్లో కలుపు. పిల్లలు సంచులు పట్టుకుని పోయి కోసుకొస్తే రైతుకు మేలే తప్ప నష్టం లేదు. దేవుడికి పెట్టే పువ్వుకు దొంగతనం లేదనే మాట వింటూ పెరిగాం. మా అమ్మే పక్కింటి గోడ మీంచి మందారాలు తెంపేది, ఆ ఇంటికి ప్రసాదం పంపకుండా మాత్రం ఏనాడూ తినేది కాదు. ఆ అలవాటులో ఒక చుట్టరికం ఉంది. పువ్వు తీసుకున్నందుకు ప్రసాదమో, పలకరింపో ఆ ఇంటికి తిరిగి వెళ్లేది.

ఆ తోటమాలికి మనం ఏం తిరిగి ఇచ్చాం? ఆ గునుగు కలుపు కాదు. ఒకరు విత్తు వేసి, నారు పెంచి, మోకాళ్ల మీద కూర్చుని నాటిన మొక్క. లింకన్ పార్కు నేలలో కొంత 1860ల దాకా ఊరి శ్మశానం. సమాధులను తరలించి, తరాల తరబడి పని చేస్తే అది తోట అయింది. మనం ఏటా వేసవిలో వనభోజనాలకు పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టేది కూడా ఆ తోటను చూసుకునే పార్క్ డిస్ట్రిక్ట్‌కే. అందరిదీ అన్న మాటకు, నా ఏడుపును కూడా ఏమీ అడగకుండా దాచుకున్న ఆ బల్లే నాకు అర్థం చెప్పింది. నా పాపకు ఆ అర్థమే తెలియాలి.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. తోట సిబ్బందికి సంఘం తరఫున క్షమాపణగా ఒక ఉత్తరం రాయండి. వచ్చే ఏడు బహుమతిని ఎత్తుకు కాకుండా, సొంత పెరట్లో, కుండీల్లో పెంచిన పూలకు, లేదా కొన్న పూలకు ఇవ్వండి. ఇక్కడ గునుగు పెరగదని ఎవరూ అనవద్దు. పండుగ మర్నాడు అమ్మ మా పెరట్లో ఎండిన గునుగు కంకులను న్యూస్‌పేపర్ మీద అరచేతుల మధ్య నలిపితే, నల్లగా మెరిసే గింజలు జలజలా రాలాయి. ఊరికి వెళ్లేలోపు ఆమె వాటిని చిన్న చిన్న పొట్లాలు కట్టి, ఒక డబ్బాలో పెట్టి వెళ్లింది.

ఉగాది పచ్చడి పంచే బల్ల పక్కన ఆ పొట్లాలకు కాస్త చోటు ఇవ్వండి. ఏప్రిల్‌లో ఇంట్లోనే, ఎండ తగిలే కిటికీ దగ్గర, చిన్న కుండీల్లో చల్లుకోవాలి. ఆవగింజ కంటే చిన్న గింజలు కాబట్టి లోతుగా వేయకుండా, పైన పలుచగా మట్టి కప్పితే చాలు. మే నడిమికి మంచు భయం పోయాక నారును బయట నాటుకుంటే, బతుకమ్మ నాటికి పూలు చేతికి వస్తాయి.