'నడుస్తది తియ్' గారికి బహిరంగ లేఖ

అయ్యా,

దేవరకొండ దగ్గర మా ఊళ్లో, పాతింటి అరుగు మీద కూర్చొని ఇది రాస్తున్నాను. లోపల ఫ్యాను కింద కూర్చొని రాయవచ్చు గానీ, మొన్నటి నుంచి లోపలికి పోవాలంటే టెన్షన్‌గా ఉంది. కారణం మీరే.

వంటింటి గోడలో ఒక అల్మారా పెట్టించమని అమ్మ రెండేళ్లుగా అడుగుతోంది. సరేనని సుతారిని పిలిచాను. రెండు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బకు ఆగి, "అన్నా, ఇది గోడనేనా?" అన్నాడు.

పైన సన్నగా సిమెంటు గిలాబు. దాని వెనక పెంకుల ముక్కలు, సగం ఇటుకలు, ఒక ఖాళీ సీసా, ఉండ చుట్టి బొక్కలో కుక్కిన యూరియా సంచి. ఆ పక్కనే నిలువుగా ఒక ఇనుప కేసింగు పైపు, దాని నెత్తిన తాటి దూలం. పైపుకూ దూలానికీ మధ్య సందు మిగిలితే అందులో పలక ముక్కలు దోపారు. ఆ పలక నాదే అయి ఉంటుంది. చదువు నన్ను నిలబెట్టిందో లేదో గానీ, ఇంటి కప్పును మాత్రం నిలబెట్టింది.

సంగతి అమ్మను అడిగితే తెలిసింది. దూలం చివర చెదలు తిన్నదట. మార్పిద్దామని నాయన డబ్బులు కూడా పక్కన పెట్టాడట. ఆ ఏడాదే బోరు వేయించాడు, నీళ్లు పడలేదు. డబ్బులు పోయాయి, పైపు మిగిలింది. సరిగ్గా అప్పుడు మీరు వచ్చారు. "ఈ వానకాలానికి నడుస్తది తియ్" అన్నారు. ఇప్పటికి 26 వానకాలాలు నడిచింది.

నడవడం మీద నాకు పేచీ లేదు. మీకు వస్తున్న మంచిపేరు మీదే ఉంది. పాతింట్లో ఇలాంటిది ఏది బయటపడ్డా జనం ఫోటో తీసి, 'మన పెద్దల తెలివే తెలివి' అని పంపుకుంటున్నారు. పెద్దల పద్దు వేరు, మీ పద్దు వేరు. మా తాత కట్టిన గోడ మూరన్నర మందం. పాటిమన్ను నానబెట్టి, గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, ఒక వరుస పెట్టి, అది ఆరితేగానీ పై వరుస ఎత్తలేదు. ఉన్నవాళ్లయితే డంగుసున్నం పట్టించేవాళ్లు. ఎద్దులతో గానుగ తిప్పి, సున్నం ఇసుక మెత్తగా నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. అది ఆరినా పని ఆపదు, గాలి తగిలేకొద్దీ ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. గద్వాల మట్టికోటను చూసి వచ్చిన వాళ్లెవరూ మట్టిని తక్కువ చేసి మాట్లాడరు.

మీరేం చేశారు? ఆ మట్టిగోడకు సిమెంటు పూయించారు. మట్టి నేలలోని తేమను పైకి పీలుస్తుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. మట్టి అలుకుడైనా, సున్నమైనా దానికి అడ్డం పడదు. సిమెంటు పడుతుంది. ఎండాకాలం మనిషికి రెయిన్‌కోటు తొడిగినట్టు గోడకు లోపల చెమట పట్టించారు. 2020 అక్టోబరు వానలకు ఆ గిలాబు తలుపంత పెళ్లగా ఊడి పొయ్యి మీద పడింది. తెల్లారి మళ్లీ మీరే వచ్చి, ఇంకో మూట సిమెంటు తెప్పించారు.

మెయిన్ దగ్గర మీరు చేసిన ఘనకార్యం ఇంకొకటి. ఫ్యూజు మాటిమాటికి పోతోందని, దాంట్లో కేబులు తీగెను నాలుగు పేటలు వేసి బిగించారు. అంతే, మళ్లీ ఫ్యూజు పోలేదు. పోదు మరి. ముందు తాను కాలి ఇంటిని కాపాడడమే దాని ఉద్యోగం, ఆ ఉద్యోగం మీరు ఊడగొట్టారు. ఇప్పుడు కాలాలంటే గోడలోని వైరే కాలాలి.

రేకుల మీద పెట్టిన ట్రాక్టరు టైర్ల గురించి ఏమీ అనను. అవి నిజంగానే పనిచేస్తున్నాయి.

మా జిల్లాలోనే కృష్ణ మీద సాగర్ డ్యాం ఉంది. 1955లో శంకుస్థాపన చేసి, కూలీలు నెత్తిన రాళ్లు మోసి కట్టారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అక్కడ ఎవరైనా రాతికీ రాతికీ నడుమ యూరియా సంచి కుక్కి, మిమ్మల్ని తలుచుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించాలన్నా భయమే.

ఇక అసలు విషయం. ముందు జాకీలు పెట్టి దూలాన్ని ఎత్తాలని, ఆ తర్వాతే పైపును ముట్టుకోవాలని సుతారి చెప్పాడు. అల్మారాకు పిలిస్తే లెక్క కప్పు దాకా పోయింది. పైపు కింద ఏముందో చూద్దామని గడ్డపారతో మట్టి తీస్తే, గుండ్రంగా ఒక రాయి కనబడింది. అమ్మ వంగి చూసింది.

"ఇది నా ఇసుర్రాయి రా! నా పెండ్లికి మా అమ్మ ఇచ్చింది. ఎవడో ఎత్తుకపోయిండని ఇన్నేండ్లు తిట్టిన."

అయ్యా, అక్కడ ఉన్నది కింది రాయి ఒక్కటే. పై రాయిని ఇంట్లో దేని కింద పెట్టారో దయచేసి వెంటనే తెలియజేయగలరు. జాకీలు ఎల్లుండి పొద్దున వస్తున్నాయి.

ఇట్లు,
అరుగు మీద మకాం పెట్టిన ఇంటివాడు