బొమ్మకు చెమట పడితే చాలు

డాక్టర్లు, నర్సులు మనిషికి బదులు బొమ్మ మీద వైద్యం నేర్చుకునే సిమ్యులేషన్ ల్యాబుల్లో వాస్తవికత లేదని సణిగేవాళ్లు ఒకసారి అక్కడి బొమ్మను చూడాలి. కళ్లు ఆర్పుతుంది, చెమటోడుస్తుంది, కన్నీరు కారుస్తుంది, అడిగితే ఛాతీలో నొప్పంటుంది. ఇంత చక్కగా లక్షణాలు చెప్పే పేషెంటు అసలు వార్డులో కూడా దొరకడు. ఇంకేం కావాలి?

గుండె ఆగినప్పుడు ఇచ్చే అడ్రినలిన్ మందు ఆంప్యూల్ (చిన్న గాజు బుడ్డి) కావాలట! "ఒక మిల్లీగ్రాము ఇచ్చాను" అని నోటితో అనేస్తే అవతలి గదిలో బొమ్మను నడిపించేవారి మౌస్ క్లిక్కుమంటుంది, మానిటర్‌పై గీత మారుతుంది. ఇంత సుఖాన్ని వదులుకుని సొరుగులు వెతకడం, లేబుల్ చదవడం, ఆంప్యూల్ మెడ విరవడం, సిరంజిలోకి లాగడం, ఆపైన సెలైన్ ఎక్కించి మందును లోపలికి తోయడం దేనికి? 3 నుంచి 5 నిమిషాలకు మళ్లీ డోసు. గడియారం ఎవరు చూస్తున్నారో తేల్చుకోకపోతే ఆ డోసు ఎగిరిపోతుంది, లేదా ఇద్దరు ఇచ్చేస్తారు. తప్పులన్నీ అక్కడే పుడతాయన్నది నిజమే, కానీ బ్రోచర్ ఫొటోలో అవి పడవు కదా.

పైగా మన దగ్గర "అనుకోండి" అనే దివ్యౌషధం ఉంది. గ్లోవ్స్ వేసుకున్నాననుకోండి. రక్తం వచ్చిందనుకోండి. సీనియర్ ఫోన్ ఎత్తారనుకోండి (ఇది మరీ సాహసం). బొమ్మకు ఇన్ఫెక్షన్ రాదు గనుక అది ఏమీ అనుకోదు.

ఆగిన గుండెను, ఊపిరిని నిలబెట్టడం నేర్పే 1960 నాటి బొమ్మ రెససీ ఆన్ పాపం మాట్లాడేది కాదు, చెమట పట్టేదీ కాదు. తల వెనక్కి వంచకపోతే మాత్రం గాలి లోపలికి పోనిచ్చేది కాదు. ఇంత మొండి బొమ్మను ఎవరు మెచ్చుతారు? గుండె ఆగితే ఛాతీని 5–6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100–120 సార్లు నొక్కాలి, ప్రతిసారీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. దాన్ని గట్టి నేల మీద నేర్పితే సరి. మంచం మీదైతే పరుపు కూడా కుంగుతుంది, అదంతా ఛాతీ లోతే అనిపిస్తుంది. పరుపు వేసి నేర్పితే ఆ సంగతి బయటపడి అందరి స్కోర్లూ పడిపోతాయి. అలాంటి అప్రతిష్ఠ మనకెందుకు?

వాస్తవికత పరాకాష్ఠ చూడాలంటే 2014లో అమెరికాకు పోవాలి. శిక్షణ కోసమే చేసిన, స్టెరైల్ కాని (క్రిములు లేకుండా శుద్ధి చేయని) సెలైన్ సంచులు క్లినిక్కులకు చేరి, నిజం మనుషుల నరాల్లోకి ఎక్కాయి. జ్వరం, చలి, వణుకు. సంచి అంత బాగా కుదిరింది మరి. నకిలీ మందులన్నిటి మీదా "మనుషులకు వాడరాదు" అని పెద్దక్షరాలతో రాసి, వేరే బీరువాలో పెట్టి తాళం వేయమని చాదస్తులు పోరుతున్నారు. అంతంత అక్షరాలు కనబడుతుంటే సీను రక్తి కడుతుందా?