మహారాజశ్రీ డమ్మీ పిల్లర్ గారికి

రాతి స్తంభం వేషంలో వెలసిన మహారాజశ్రీ రోమన్ డమ్మీ పిల్లర్ గారి దివ్యసముఖమునకు, హైదరాబాద్‌లో పాత పద్ధతిలో ఇళ్ళు గీసి బతుకుదామని చూస్తున్న ఒక ఆర్కిటెక్ట్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, అంటే ఈ నెల ఆఫీసు అద్దె కట్టేశాను. తమరి క్షేమం అడగక్కర్లేదు. నార్సింగి నుంచి నాగోలు దాకా ఏ ఫంక్షన్ హాల్ ముందు చూసినా, ఏ విల్లా గేటులోంచి తొంగిచూసినా తమరే దర్శనమిస్తున్నారు, తల మీద బంగారు రంగుతో సహా.

గచ్చిబౌలి అద్దాల బిల్డింగులతో నాకు పెద్ద పేచీ లేదండీ. మే నెల ఎండకి ఎదురుగా గాజు గోడ నిలబెట్టి, లోపల ఏసీ వేసి, ఆ వేడిని రోడ్డు మీద పోయేవాళ్ళ మొహాన కొట్టే తెలివికి ఒక దండం పెట్టి పక్కకి తప్పుకుంటాను. అది గాజు, గాజునని చెప్పుకునే నిలబడింది. నా పొట్ట కొడుతున్నది తమరు. ఎందుకంటే ఈ ఊళ్ళో పాత అందం వద్దన్నవాడు నాకింతవరకు తగల్లేదు. అందరికీ కావాలి. 2023లో కొత్త సచివాలయం గుమ్మటాలతో లేచాక మరీనూ. వాట్సాప్‌లో ఏదో యూరప్ బంగ్లా ఫోటో వస్తుంది, కింద ‘సేమ్ టు సేమ్ కావాలి సార్’ అని. ఫోటోలో ఉన్నది రాయి, ఎస్టిమేట్ చూశాక పోర్టికోలోకి వచ్చేది తమరు.

మొన్న కొల్లూరు వైపు ఒక విల్లాలో తమరిని దగ్గర్నుంచి చూసే భాగ్యం కలిగింది. వేలితో కొడితే డబ్‌డబ్‌మన్నారు. పైన థర్మకోల్ మీద ఫైబర్ పూత, లోపల తొమ్మిది బై పన్నెండు కాంక్రీట్ కాలమ్, దాని పక్కనే టెర్రస్ మీది వాన నీళ్ళ పైపు. చినుకు పడితే తమరి కడుపులో గుడగుడ. తల మీద అకాంథస్ ఆకులు, అంటే గ్రీకు, రోమన్ స్తంభాలకి చెక్కే ఆకులు, ఉండాల్సిన చోట సగం విప్పిన క్యాబేజీ. ఇక కొలతలు. తమరు వేషం కట్టింది కొరింథియన్ స్తంభానిది, అంటే తల మీద ఆ ఆకులుండే రకం. దాని ఎత్తు, అడుగున దాని అడ్డుకొలతకి ఓ పది రెట్లు ఉంటుంది, అటూ ఇటుగా. తమరు ఒకటిన్నర అడుగు లావు, 24 అడుగుల ఎత్తు, అంటే పదహారు రెట్లు! పైగా కింది నుంచి పై దాకా ఒకటే లావు. అసలు స్తంభం పైకి పోయేకొద్దీ సన్నబడాలి, అదీ స్కేలు పెట్టి గీసినట్టు కాదు, కనీ కనిపించని వంపుతో, లేకపోతే కింద నిలబడి చూసేవాడికి దాని నడుము లోపలికి పీక్కుపోయినట్టు అనిపిస్తుంది. ఇవన్నీ తమరికి చెప్పి ఏం లాభం, తమరు పుట్టిందే డ్రైనేజీ పైపులాంటి మోల్డులో.

వీలు చూసుకుని ఒకసారి కోఠి ఉమెన్స్ కాలేజీకి, అదే ఇప్పటి మహిళా యూనివర్సిటీకి, వెళ్ళి రండి. 1803 ప్రాంతంలో, నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ హయాంలో మొదలైన రెసిడెన్సీ, అంటే ఆ ప్రతినిధి నివాసం అది, గీసింది శామ్యూల్ రస్సెల్ అనే మిలిటరీ ఇంజనీరు. ముందువైపు ఆరు కొరింథియన్ స్తంభాలు ఉంటాయి, తమరికి తాతలు అవుతారు. 1857 జూలైలో బ్రిటిష్ వాళ్ళ మీద తిరగబడి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని ఆ రెసిడెన్సీ మీదికి దండెత్తినా వాటికేం కాలేదు. తమరి సంగతేమో, పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళిలో పిల్లలు దొంగాట ఆడుతూ వచ్చి గుద్దుకుంటే దిమ్మె ఊడొచ్చింది. దాని మీద పూలదండ కప్పేసి ఫోటోలు కానిచ్చారు, నేను అక్షింతలు పట్టుకుని ఆ పక్కనే ఉన్నాను.

ఇంకో ముచ్చట. మా క్లయింట్లకి వాస్తు అంటే ప్రాణం. సిద్ధాంతి గారు ఒక్క మాటంటే వేసిన మెట్లు పడగొట్టి ఇటు నుంచి అటు మార్పిస్తారు, ఖర్చు అడగరు. అయ్యా, అదే శాస్త్రంలో, మయమతం, మానసారం అనే పాత గ్రంథాల్లో, స్తంభం ఎత్తుకి లావెంత ఉండాలో కూడా అధ్యాయాలు రాసిపెట్టారు అంటే మాత్రం, ‘అవన్నీ గుళ్ళకండీ’ అని కొట్టిపారేస్తారు. ఈశాన్యం మూల ఆరంగుళాలు తగ్గితే టెన్షన్, పోర్టికో మొత్తం బోలుదైతే ఏమీ లేదు.

గోడలకి సిమెంటు బదులు సున్నం అని మాటెత్తితే ఇంకా నయం. గానుగలో నూరిన డంగు సున్నం, అందులోకి బెల్లం, కరక్కాయ నీళ్ళు అని నేను వివరిస్తుంటే ఒకాయన చాలా శ్రద్ధగా విని, ‘చీమలు పట్టవా?’ అన్నాడు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్ని 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళు బాగుచేశారు కదా, అక్కడ చేయాల్సి వచ్చిన పెద్ద పనుల్లో ఒకటి, అంతకుముందు రిపేరు పేరుతో పూసిన సిమెంటును గీకి పారేసి మళ్ళీ సున్నం వేయడం. సున్నం గోడలోని చెమ్మని బయటికి పోనిస్తుంది, సిమెంటు లోపలే బిగబట్టి గోడని తినేస్తుంది. ఇదంతా చెప్పాను. ఆయన తలూపి, ఎన్నాళ్ళు పడుతుందన్నాడు. సున్నం నానాలి, గార మేస్త్రీలు దొరకాలి, పూత మీద పూత ఆరాలి, నెలలు పడుతుందన్నాను. తమరు మంగళవారం ఆర్డరిస్తే శుక్రవారం ట్రాలీ ఆటోలో దిగిపోతారు. ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా?

సరే, అసలు విషయం. తుక్కుగూడ సైట్‌లో మనిద్దరం కలిసి పనిచేయాల్సి వచ్చింది. ముందువైపు నాలుగూ తమరివే, ఓనర్ గారు పట్టుబట్టారు, రోడ్డు మీది వాళ్ళకి కనపడాలట. వెనక వరండాలో రెండు మాత్రం నావి, నిజం రాయి. అది కూడా నా వాదన నెగ్గి కాదు, ఓనర్ గారి అమ్మగారు ‘నేను ఆనుకుని కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకోవాలి, కదిలేవి నాకొద్దురా’ అన్నారు కాబట్టి. రాతిపనివాళ్ళకి ఇంకో మూడు వారాలు పడుతుంది. తమరి వాళ్ళు ఎటూ ఒక్క పూటలో ఊడబొడిచి వెళ్ళిపోతారు గనక, కాస్త ఆ వారాల్లోనే వచ్చేటట్టు చూడండి, పరంజా అద్దె సగం సగం వేసుకుందాం.

ఇట్లు,
తమరి వెనక వరండా వాడు