ఈ కార్మికులకు జ్ఞాపకాలు చెప్పడం రాదు

మూతపడ్డ ఫ్యాక్టరీల జ్ఞాపకాలను భావితరాలకు అందించే మహాయజ్ఞానికి అడ్డం పడుతున్నది ఎవరో కాదు, వాటిలో పనిచేసిన కార్మికులే. మిగతావన్నీ అమరుతాయి. నిధులు వస్తాయి. పాత షెడ్డు దొరుకుతుంది. ఇటుకలు కనపడేలా సున్నం గీకించే ఆర్కిటెక్టు దొరుకుతాడు. వేలాడదీయడానికి పసుపుపచ్చ బల్బులకు కొదవే లేదు. పద్ధతిగా ఓ జ్ఞాపకం చెప్పే కార్మికుడు మాత్రం దుర్భిణీ వేసి వెతికినా దొరకడు.

నూలు యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీల సంగతి మరీ ఘోరం. బట్టల మిల్లయితే కాస్త నయం. తెల్లటి పత్తి, రంగు దారాలు, ఫొటోకి బావుంటాయి. ఇక్కడేముంది? పోత ఇనుము, మూసమట్టి, కూలెంటు కంపు. అందులో జీవితం ధారపోసిన మనిషి చేతిలో నిర్వాహకులు ఓ ఫారం పెడతారు: ‘మీ మధురస్మృతిని నూరు పదాలలో రాయండి.’ పక్కనే సూచనలు కూడా అచ్చువేసి ఉంటాయి. సైరన్, క్యాంటీన్, స్నేహం. చేదు స్మృతికి గడి లేదు. కాగితం వృథా చేయకూడదు కదా.

ఇంత తేలిక పరీక్షలో కూడా మనవాళ్లు తప్పుతున్నారు. ఈమధ్య ఒక రికార్డింగు సంగతే చూడండి. నూలు వడికే ఒక రింగ్ ఫ్రేమ్‌ను నాలుగు స్పిండిళ్ల మేర, అంటే నాలుగు కదుళ్ల మేర కోసి, వేదిక మీద నిలబెట్టి, చుట్టూ ఎర్ర తాడు కట్టి, ‘దయచేసి తాకరాదు’ అని పలక తగిలించారు. పక్కన కుర్చీలో రిటైరయిన ఫిట్టరు. చెమట చేయి తగిలితే తుప్పు పడుతుందని నిర్వాహకుల భయం. న్యాయమైన భయమే. అలాంటి చేతులే దాన్ని బిగించాయన్నది కేవలం సాంకేతికమైన అభ్యంతరం.

“సైరన్ వింటే మీ మనసులో ఏమనిపించేది తాతగారూ?” అని రికార్డు చేస్తున్న అమ్మాయి మెత్తగా అడిగింది.

“సైజింగా? దారానికి గంజి పెట్టే సైజింగ్ మిషన్లు మా దగ్గర చేయలేదమ్మా. మావి పత్తి ఏకే కార్డింగు మిషన్లు, రింగ్ ఫ్రేములు.”

“కాదండీ, స్నేహం... తోటివాళ్లతో స్నేహం గురించి...”

“ఓ, స్పిండిలా! అలా అడుగు తల్లీ!”

ఇక ఆ పెద్దాయన్ని ఆపేవాళ్లు లేకపోయారు. స్పిండిలు సరిగ్గా రింగు నడిమధ్యన నిలబడాలట. రింగు మీద ట్రావెలరని చిన్న తీగముక్క తిరుగుతుందట. దానికి బేరింగు లేదు, చక్రం లేదు, ఇనుము మీద ఇనుము జారుకుంటూ సెకనుకు ముప్పై మీటర్లకు పైగా పరిగెడుతుందట. రింగు గుండ్రం వెంట్రుకవాసి తప్పినా దారం తెగుతుందట. అక్కణ్ణుంచి కార్డింగులోకి దూకాడు. తిరిగే సిలిండరుకూ, దాని మీద ముళ్ల పట్టీలైన ఫ్లాట్లకూ మధ్య సందు పది థౌ, అంటే పావు మిల్లీమీటరు. సందు కొలిచే లీఫ్ గేజి అనే పల్చటి రేకు దూర్చితే అది పట్టీపట్టనట్టు జారాలి. ఎంత పట్టాలన్నది ఏ డ్రాయింగులోనూ ఉండదు, వేలికే తెలియాలి అంటూ చూపుడువేలూ బొటనవేలూ కలిపి గాల్లో లేని గేజిని లాగి చూపించాడు. కెమెరా ఆ సమయంలో పైకప్పు బల్బులను తీస్తోంది.

చివర్లో కళ్లద్దాలు సవరించుకుని ఫ్రేము వైపు చూశాడు. “ఇదేంటమ్మా, స్పిండిలుకీ రింగుకీ కలిపి రంగు కొట్టేశారు? ట్రావెలరు కదలదుగా ఇక.” “తిరగక్కర్లేదండీ, ఇది ప్రదర్శనకే” అంది అమ్మాయి. ఆయనకు వినపడలేదు. తాడు దాటబోతే సెక్యూరిటీ కుర్రాడు వచ్చి మర్యాదగా కూర్చోబెట్టాడు. ఇంతా చేసి ప్రదర్శనలో మిగిలింది పదకొండు సెకన్లు. ఆయన నవ్వుతున్న ముక్క. వెనకాల ఫ్లూటు.

తప్పు ఒక్క వీళ్లదే అనను, చరిత్ర అలవాటే అది. జపాన్‌లో టొయోడా వాళ్లు నడుస్తున్న మగ్గం ఆగకుండానే దారం మోసే షటిల్ మార్చే జి-రకం మగ్గాన్ని 1924లో తయారుచేశారు. 1929లో ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో ఉన్న ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు దాని పేటెంటు హక్కులు ఒప్పందం చేసుకుంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద నూలు యంత్రాల కంపెనీ అది, వేలమంది కార్మికులు. ఆ లక్ష పౌండ్లు ప్రతి పుస్తకంలోనూ కనపడతాయి. ఆకురాయి పట్టిన వేళ్లు ఏ ఫుట్‌నోటులోనూ కనపడవు. 1982లో ఆ కంపెనీ కూడా మూతపడింది.

ఆ పెద్దాయన సైరన్‌ని సైజింగ్ అని ఎందుకు విన్నాడో ఆ బృందంలో ఒక్కరైనా ఆలోచించారా? ఏళ్ల తరబడి రొద చెవిలో పడితే ముందు పోయేది నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. స, శ, త లాంటి సన్నటి చప్పుళ్లు పోతాయి, అచ్చులు మిగులుతాయి. ఎదుటివాడు మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమంటున్నాడో తెలియదు. మనవరాలు ఏమడిగినా “ఆఁ?” అంటాడు. ఇంట్లో అందరూ ముసలాడికి ధ్యాస లేదనుకుంటారు. ఇది మీ సైరన్ జ్ఞాపకం. రాసుకోండి, నూరు పదాలు కూడా అక్కర్లేదు.

ఫెట్లింగు షాపులో పోతలకు అంటుకున్న ఇసుక గీకినవాళ్లను మీరు పిలవనే లేదు. పిలిస్తే వేదిక మెట్లెక్కలేరు. సిలికా దుమ్ము ఒకసారి ఊపిరితిత్తుల్లో దిగితే దానికి మందు లేదు. ఆ దుమ్ములోంచి బయటికొచ్చిన తర్వాత కూడా జబ్బు ముదురుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీకి తాళం పడినా ఆ మనిషి ఛాతీలో షిఫ్టు నడుస్తూనే ఉంటుంది. మూతికి కట్టుకోవడానికి పాత గుడ్డముక్క తప్ప ఏమీ ఇవ్వని యాజమాన్యం, ఎక్స్‌రేలు బీరువాలో పెట్టి తాళం వేసుకున్న యాజమాన్యం, ఇవాళ వచ్చి మధురస్మృతి చెప్పమంటే ఏం చెప్పాలిరా వాడు? పనిచేసినన్నాళ్లూ నోరెత్తితే మెమో ఇచ్చారు. ఇప్పుడు ఆ నోటికే మైకు తగిలించి, దగ్గు వచ్చిన చోటల్లా కత్తిరిస్తున్నారు!

సరే, ఆవేశం ఆరోగ్యానికి మంచిది కాదు. నిర్వాహకుల ఔదార్యం గురించి కూడా చెప్పాలి. ప్రదర్శనకు మాజీ కార్మికులకు టిక్కెట్టులో సగం రాయితీ ఇస్తున్నారు. కౌంటర్లో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు చూపిస్తే చాలట. అదే, గేటుకు తాళం పడిన రోజున బల్ల వేసుకు కూర్చుని ఒక్కొక్కరి దగ్గరా గుంజుకున్నారే, ఆ కార్డు.