డబ్బాలు ఉబ్బిన సీజన్

అమెరికా రాకముందు రెండు మామిడి సీజన్లు చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేశాను. జూన్ వచ్చిందంటే తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట రాత్రంతా వరసకట్టేవి. మొదటి సీజన్ మేనేజర్‌కి అరవడం తప్ప వేరే పద్ధతి తెలీదు. ఆయన వస్తున్నాడంటే బెల్ట్ దగ్గర కాయలు ఏరే ఆడవాళ్ళ చేతులు రెండింతలు వేగంగా కదిలేవి, అటు తిరగ్గానే మళ్ళీ మామూలే (నేనూ అంతే లెండి).

ఒకరోజు డబ్బాలకు మూత సరిగా పడటం లేదని మిషన్ దగ్గరుండే కుర్రాడికి పొద్దున్నే తెలిసింది. చెప్తే లైన్ ఆపాలి, ఆపితే తిట్లు, అందుకని నోరు మూసుకున్నాడు. కొన్నాళ్ళకు గోడౌన్‌లో డబ్బాలు ఉబ్బి కనిపించాయి. ఆ పులిసిన వాసన ఇప్పటికీ గుర్తే.

మరుసటి ఏడాది వచ్చినాయన మెత్తనివాడేం కాదు, లెక్క తప్పితే నిలదీసేవాడు. కానీ షిఫ్ట్ మొదట్లో మిషన్ల దగ్గరికొచ్చి "ఏమప్పా, ఈరోజు ఏది మొరాయిస్తా ఉంది?" అని అడిగేవాడు, చెప్పినవాణ్ణి తిట్టేవాడు కాదు. ఆ సీజన్లో లైన్ ఎక్కువసార్లే ఆగింది, డబ్బాలు మాత్రం ఉబ్బలేదు.

మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, ఆయన సహచరులు పదేళ్ళ పిల్లల క్లబ్బుల మీద చేసి 1939లో ప్రచురించిన ప్రయోగంలోనూ ఇదే కనిపిస్తుంది. హుకుం చేసే నాయకుడు గది దాటగానే పిల్లల పని పడిపోయింది, అందరినీ అడిగి నడిపినచోట ఆయన లేకపోయినా సాగింది. ఎదురుగా నిలబడి హుకుం చేసినంతసేపూ పని బాగానే జరిగింది, అరిచేవాళ్ళకు తమ పద్ధతి మీద అంత నమ్మకం అందుకేనేమో.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మనలో చాలామంది ఇక్కడ మేనేజర్లయ్యాం. పగలు ఆఫీసులో అమెరికన్లతో ఎంత మర్యాదో చెప్పక్కర్లేదు, రాత్రి తొమ్మిదయ్యేసరికి ఇండియా టీమ్ కాల్‌లో మాత్రం మనలోని ఆ పాత మేనేజర్ లేచి కూర్చుంటాడు. మనవాళ్ళకు అలా చెప్తేనే ఎక్కుతుందంటారు కొందరు. నేను ఒప్పుకోను.

మొన్న తిరుపతి వెళ్ళినప్పుడు తమ్ముడి కూతురు పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు మొహం వేలాడేసుకుని కూర్చుంది. అమెరికాలో ఉన్న మేనేజర్ కాల్‌లో అందరి ముందూ అరిచాడట, ఆయనా మన తెలుగాయనే. ప్రోగ్రామ్‌లో తప్పుందని తనకి మూడు రోజుల ముందే తెలుసంట.

"మరి చెప్పలేదా అమ్మా?" అన్నాను.

"ఎందుకు పెదనాన్నా, మూడు రోజుల ముందే తిట్టించుకోడానికా?"