తలసరి ఆదాయంలో కనిపించని బతుకు

తలసరి ఆదాయంలో తెలంగాణ ఇప్పుడు కేరళ కంటే ముందుంది. కానీ కేంద్ర ప్రభుత్వం జనన మరణాల మీద తీసే నమూనా రిజిస్ట్రేషన్ లెక్కల్లో, 2020లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పసిపిల్లల్లో ఏడాది నిండకుండానే చనిపోయినవారు కేరళలో 6, తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24. గల్ఫ్ డబ్బు మీద ఆధారపడ్డ కేరళలో చదువుకున్న యువతలో చాలామందికి ఉద్యోగాల్లేవు, నిజమే. అయినా అక్కడ పుట్టిన బిడ్డ బతికి బట్టకట్టే అవకాశం ఎక్కువ. ఇంతకంటే పెద్ద సంపద ఏముంటుంది?

మనిషి దగ్గర ఎంత ఉందని కాదు, ఉన్నదానితో ఏం చేయగలడు, ఎలా బతకగలడు అని చూడాలని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1979 నుంచీ చెబుతూ వచ్చారు. ఆయన మిత్రుడు, పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో 1990లో మానవాభివృద్ధి సూచీ వచ్చింది. ఆయుష్షు, చదువు, ఆదాయం కలిపి చూసే ఆ సూచీ కూడా సగటే. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అది చెప్పదు.

పదో తరగతి పాసైన అమ్మాయినే తీసుకోండి. జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది. ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, మంచిదే. కానీ ఊరికి బస్సే రాకపోతే? సాయంత్రం చీకటి పడ్డాక దిగాల్సి వస్తే? ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, ఆ వెంటే పెళ్లి సంబంధాలూ మొదలవుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. దేశ సగటు 23.3. ఉచిత ప్రయాణ హక్కు ఆ అమ్మాయికి కాగితం మీద ఉంది, చదివే వీలు మాత్రం లేదు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు డబ్బు లెక్కకూ బతుక్కూ మధ్య ఉన్న ఈ తేడా ఏ సిద్ధాంతమూ చదవకుండానే తెలుసు. మొగుడి కూలి డబ్బు సారా దుకాణానికి పోయేది. ప్రభుత్వానికి అదే రాబడి. ఇంటికి మిగిలింది పస్తులు, దెబ్బలు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆ ఆడవాళ్లు అక్షరాలతోపాటు తమ కష్టాన్ని నలుగురిలో చెప్పుకోవడం నేర్చుకున్నారు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలిచి దుకాణం మూయించారు. 1992లో జిల్లా అంతటా సారా దుకాణాల వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. ఖజానా లెక్కలో అది నష్టం. ఆ ఇళ్లలో మాత్రం కూలి డబ్బు అన్నంగా మారింది, రాత్రిళ్లు భయం తగ్గింది. ఏ తలసరి లెక్కలో రాస్తాం దాన్ని?

డబ్బు అక్కర్లేదని ఎవరూ అనరు. బస్సు నడపాలన్నా, నర్సుకు జీతమివ్వాలన్నా డబ్బు కావాలి. కానీ బడ్జెట్ రోజు వృద్ధి రేటు చదివే ఆర్థిక మంత్రి, దాని పక్కనే ఇంకో పట్టిక కూడా మండలాల వారీగా సభ ముందు పెట్టాలి: పది పాసైన ఆడపిల్లల్లో ఎంతమంది ఇంటర్‌లో చేరారు, చేరినవాళ్లలో ఎంతమంది పరీక్ష దాకా నిలిచారు, నిలవనివాళ్లు ఎందుకు మానేశారు.